పిల్లల తిండి జంక్ ఫుడ్డా కాదా: ప్యాకెట్ వెనక్కి తిప్పి మీరే తేల్చుకోవడం ఎలా?

"మ్యాగీ జంక్ ఫుడ్డేనా?" "హార్లిక్స్ రోజూ ఇవ్వొచ్చా?" "మారీ బిస్కెట్ అయితే పరవాలేదు కదా?" "ఇంట్లో చేసిన జంతికలు కూడా జంకేనా?" చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తిరిగి తిరిగి ఇవే ప్రశ్నలు. ఒక్కోదానికి అవునని, కాదని చెప్పుకుంటూ పోతే అంతుండదు. వచ్చే నెల కొట్లోకి ఇంకో రంగు ప్యాకెట్ వస్తుంది, మళ్ళీ అదే ప్రశ్న. అందుకే ఇక్కడ జాబితా కాకుండా పద్ధతి చెబుతున్నాను. ఒకసారి చేతికి అలవాటైతే కొట్లో నిలబడి ఒక నిమిషంలో తేల్చేయొచ్చు.

ముందు ఒక్క మాట. ఫలానా తిండి జంక్ అని పేర్లు రాసిపెట్టిన పట్టిక మన చట్టంలో లేదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ బడి పిల్లల తిండి మీద 2020లో ఇచ్చిన నిబంధనల్లో కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువుండి పోషకాలు తక్కువుండే తిండి అనే వర్గం ఉంది. ప్యాకెట్‌లో వచ్చినా, బండి మీద వేడివేడిగా వేసినా ఒకటే లెక్క. బడి క్యాంటీన్‌లో గానీ, గేటుకి 50 మీటర్ల లోపల గానీ అలాంటివి అమ్మకూడదు. మీ పిల్లల బడి ముందు 50 మీటర్లలో ఏముందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి లెక్క మనమే చూసుకోవాలి.

కావలసినవి

- ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ, ఖాళీవి కూడా. వారం రోజులపాటు పిల్లలు తిన్న ప్రతి ప్యాకెట్‌నీ చెత్తబుట్టలో వేయకుండా ఒక సంచిలో వేయండి. ఐదు రూపాయల చిప్స్, చాక్లెట్ కాగితం, జ్యూస్ డబ్బా, తాతయ్య సాయంత్రం జేబులో పెట్టుకొచ్చినవి అన్నీ.
- ఫోన్. క్యాలిక్యులేటర్ కోసం, సన్నటి అక్షరాల్ని ఫొటో తీసి పెద్దది చేసి చదవడం కోసం.
- ఒక టీ స్పూన్, కాస్త చక్కెర, ఒక గ్లాసు.
- కొన్ని తెల్ల కాగితాలు. రాతలేనివి, న్యూస్ పేపర్ వద్దు.

1. ముందువైపు చదవకండి

ప్యాకెట్ ముందుభాగం అమ్మడానికి, వెనకభాగం చట్టం కోసం. ముందు రాసిన "మల్టీగ్రెయిన్", "రాగి", "ఇమ్యూనిటీ", "ఐరన్, కాల్షియం" లాంటి మాటల్ని ఈ లెక్కలోకి తీసుకోవద్దు. పిండికి విటమిన్ పొడి కలిపితే చక్కెర తగ్గదు.

పేరుని నమ్మితే ఎంత దూరం పోతామో రెండు సంగతులు చూడండి. పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్ని మనం తరతరాలుగా "హెల్త్ డ్రింక్" అంటున్నాం. అసలు ఆహార చట్టంలో అలాంటి వర్గమే లేదని, ఆ విభాగంలోంచి వాటిని తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు చెప్పింది. హార్లిక్స్ కంపెనీ కూడా అదే సమయంలో తన విభాగం పేరు మార్చుకుంది. రెండోది ఓఆర్ఎస్, విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి పట్టే పొడి. పేరులో ఆ మూడక్షరాలు పెట్టుకుని తియ్యటి పానీయాలు మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపింది.

హెచ్చరిక: విరేచనాలవుతున్న బిడ్డకి తియ్యటి డబ్బా పానీయాలు పట్టకండి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉంటుంది. పొట్లం కొని, దాని మీద ఎన్ని నీళ్ళు కలపమని రాసి ఉంటే సరిగ్గా అన్నే కలపండి. కొంచెం పొడికి కొంచెం నీళ్ళు అని కళ్ళ లెక్క వేయొద్దు.

2. కావలసిన దినుసుల్లో మొదటి మూడు చూడండి

"ఇంగ్రీడియెంట్స్" అని రాసిన చోట దినుసులు బరువు వరసలో ఉంటాయి. ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర. మొదటి మూడే ఆ తిండి అసలు స్వరూపం. వాటిలో మైదా, చక్కెర, పామాయిల్ కనిపిస్తే మిగతా పది పేర్లు చదవక్కర్లేదు, అది రోజూ పెట్టే తిండి కాదు.

మైదాని "రిఫైన్డ్ వీట్ ఫ్లోర్" అని రాస్తారు. కేవలం "వీట్ ఫ్లోర్" అని ఉంటే గోధుమపిండి అని మురిసిపోకండి. "హోల్ వీట్" అనో, "ఆటా" అనో ఉండాలి. పామాయిల్‌ని "ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్" అని మొదలుపెట్టి పక్కన బ్రాకెట్లో "పామోలిన్" అంటారు.

చక్కెర మాత్రం వేషాలు మార్చుకుని వస్తుంది: ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, కార్న్ సిరప్, తేనె, బెల్లం. ఒకే ప్యాకెట్లో మూడు నాలుగు పేర్లతో ఉంటే ఒక్కొక్కటీ వరసలో కిందికి జారిపోతుంది, కలిపి చూస్తే మొదటి స్థానం దానిదే. మాల్టోడెక్స్‌ట్రిన్ ఇంకో రకం. అది పట్టికలో చక్కెర కింద లెక్కకు రాదు గానీ ఒంట్లోకి వెళ్ళాక గబగబా గ్లూకోజ్‌గానే మారుతుంది.

రాగి బిస్కెట్, ఓట్స్ బిస్కెట్, బాదం బిస్కెట్ కొనేటప్పుడు ఆ దినుసు పక్కన శాతం చూడండి. ముందువైపు దేన్ని గొప్పగా చూపిస్తే, వెనక అది ఎంత శాతం ఉందో రాయాలి. బొమ్మలో గుప్పెడు రాగులు, వెనక 5 శాతం అంటే మీరు కొంటున్నది మైదా బిస్కెట్టే. బ్రౌన్ బ్రెడ్ కూడా అంతే. దినుసుల్లో ఐఎన్‌ఎస్ 150 అనే నంబరు ఉంటే అది క్యారమెల్ రంగు, గోధుమ తెచ్చిన రంగు కాదు.

3. 100 గ్రాముల లెక్క చూడండి

పోషకాల పట్టికలో రెండు వరసలుంటాయి, 100 గ్రాములకి ఎంత, ఒక సర్వింగ్‌కి ఎంత అని. ఈ మెట్టులో మొదటిదే చూడండి, అప్పుడే రెండు ప్యాకెట్లని పోల్చగలం.

ఎంతుంటే ఎక్కువ? మన దగ్గర ప్యాకెట్ ముందు గుర్తులు పెట్టాలనే చర్చ ఏళ్ళుగా నడుస్తోంది, 2022లో స్టార్ రేటింగ్ ముసాయిదా కూడా వచ్చింది. అది తేలేలోగా మా పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు. అందుకని బ్రిటన్‌లో ప్యాకెట్ల మీద వాడే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తుల కొలతలు వాడుకుందాం. లండన్‌లో, లీడ్స్‌లో ఉన్న మనవాళ్ళు ఇవి రోజూ చూసేవే.

100 గ్రాముల ఘన పదార్థంలో:
- చక్కెర 22.5 గ్రాములు దాటితే ఎరుపు, 5 లోపుంటే ఆకుపచ్చ
- మొత్తం కొవ్వు 17.5 దాటితే ఎరుపు, 3 లోపుంటే ఆకుపచ్చ
- సాచురేటెడ్ కొవ్వు 5 దాటితే ఎరుపు, 1.5 లోపుంటే ఆకుపచ్చ
- ఉప్పు 1.5 దాటితే ఎరుపు, 0.3 లోపుంటే ఆకుపచ్చ

తాగేవాటికి చక్కెర 100 మిల్లీలీటర్లకి 11.25 గ్రాములు దాటితే ఎరుపు, 2.5 లోపుంటే ఆకుపచ్చ. మధ్యలో ఉన్నవన్నీ పసుపు.

మన ప్యాకెట్ల మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు. అంటే సోడియం 600 మిల్లీగ్రాములు దాటితే ఎరుపు, 120 లోపుంటే ఆకుపచ్చ. ఈ రెండు అంకెలూ ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి.

ఇక్కడొక మెలిక ఉంది. ఇవే గీతలతో పల్లీలు, నువ్వులు, కొబ్బరి కొలిస్తే కొవ్వులో ఎరుపు వస్తుంది. అవి జంక్ కాదు. వాటి కొవ్వుతో పాటు ప్రొటీన్, పీచు, ఖనిజాలు కూడా వస్తాయి. మామూలు పాలల్లో కూడా సహజంగానే చక్కెర ఉంటుంది. అందుకే పట్టికలో "టోటల్ షుగర్స్" కింద ఉండే "యాడెడ్ షుగర్స్" వరస చూడండి. కలిపిన చక్కెర ఎంతో అది చెబుతుంది. రెండో మెట్టు దాటాకే మూడోది చూడమన్నది ఇందుకే.

4. మీ పిల్ల నిజంగా తినేది ఎంతో లెక్కేయండి

అసలు మోసం ఈ మెట్టులోనే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. బిస్కెట్ ప్యాకెట్ మీద సర్వింగ్ అంటే రెండో మూడో బిస్కెట్లు. రెండు బిస్కెట్లతో ఆపిన పిల్లాణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇంకోటి, "ఆర్‌డీఏలో ఇన్ని శాతం" (రోజుకి ఇంత అని సిఫార్సు చేసినదాంట్లో వాటా) అని రాసే లెక్క పెద్దవాళ్ళది. రోజుకి 2,000 క్యాలరీలు, 50 గ్రాముల కలిపిన చక్కెర, 2,000 మిల్లీగ్రాముల సోడియం అనుకుని వేస్తారు. ఐదేళ్ళ పిల్లకి ఆ శాతాలు చెల్లవు.

పిల్లలకి బ్రిటన్ ఆరోగ్య శాఖ చెప్పే పై హద్దులు వాడండి:
- 4 నుంచి 6 ఏళ్ళు: రోజుకి చక్కెర 19 గ్రాములు, ఉప్పు 3 గ్రాములు
- 7 నుంచి 10 ఏళ్ళు: చక్కెర 24 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు
- 11 దాటితే: చక్కెర 30 గ్రాములు, ఉప్పు 6 గ్రాములు. ఉప్పు పెద్దవాళ్ళకే 5 గ్రాములు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది కాబట్టి మీరూ అక్కడే ఆగండి.

ఇవి కలిపిన చక్కెర, తేనె, బెల్లం, పళ్ళరసాల్లోని చక్కెర కలిపి వేసిన లెక్క. పండు కొరికి తింటే వచ్చే తీపి ఇందులోకి రాదు.

ఇప్పుడు మూడు లెక్కలు చేద్దాం. అంకెలు ఉదాహరణకి, మీ ప్యాకెట్ మీదవి పెట్టి చేసుకోండి.

నూడుల్స్: 100 గ్రాములకి సోడియం 1,000 మిల్లీగ్రాములు అనుకోండి, ప్యాకెట్ 70 గ్రాములు. అంటే 700 మిల్లీగ్రాముల సోడియం, 1.75 గ్రాముల ఉప్పు. ఐదేళ్ళ పిల్లకి రోజు మొత్తానికి ఉండాల్సిన దాంట్లో సగం పైనే ఒక్క గిన్నెలో పోయింది. తర్వాత పప్పు, పచ్చడి, సాంబారు ఉప్పు వేరే.

మాల్ట్ పొడి: 100 గ్రాములకి కలిపిన చక్కెర 35 గ్రాములు అనుకోండి. ఒక మోతాదు 20 గ్రాములు వేస్తే 7 గ్రాములు. పొద్దున, సాయంత్రం కలిపి 14. "చప్పగా ఉంది, తాగడం లేదు" అని రెండుసార్లూ ఒక్కో చెంచా చక్కెర వేస్తారు, అది ఇంకో 8. మొత్తం 22 గ్రాములు. ఆరేళ్ళ వాడి రోజు వాటా పాలగ్లాసుల్లోనే దాటిపోయింది, ఇంకా బిస్కెట్ దగ్గరికి రానేలేదు.

మామిడి డ్రింక్: ఇది లెక్కలా కాకుండా పిల్లల ఎదురుగా చేయండి. 160 మిల్లీలీటర్ల డబ్బా, 100కి 13 గ్రాముల చక్కెర అనుకుంటే దాదాపు 21 గ్రాములు. టీ స్పూన్ అంచుల దాకా సమంగా నింపితే 4 గ్రాములు. ఖాళీ గ్లాసు పిల్ల ముందు పెట్టి, స్పూన్ తన చేతికే ఇచ్చి ఐదు స్పూన్లు వేయించండి. అడుగున తెల్లగా పేరుకున్న చక్కెర మీద నీళ్ళు పోసి, "ఇది తాగుతావా?" అని అడగండి. పిల్లల మొహం చూడాలి అప్పుడు. ఏ ఉపన్యాసమూ ఆ పని చేయదు. అయితే ఈ ఆట ఒక్కసారే ఆడండి. ప్రతి ముద్దకీ భయపెట్టడం మొదలుపెడితే దాచుకుని తినడం నేర్చుకుంటారు.

5. ప్యాకెట్ లేనివాటిని పరీక్షించండి

బేకరీ కర్రీ పఫ్, దిల్‌పసంద్, బండి మీద నూడుల్స్, గోబీ మంచూరియా, పీచు మిఠాయి. వీటికి లేబుల్ ఉండదు. అమ్మమ్మ పంపిన జంతికలకీ ఉండదు.

నూనె పరీక్ష: తెల్ల కాగితం మీద పది నిమిషాలు పెట్టి తీయండి. మరక చుట్టూ వ్యాపించి కాగితం అవతలి వైపు కనిపిస్తుంటే దాన్ని పండగ తిండి కింద రాసుకోండి. ఇంట్లో చేసినా ఇదే పరీక్ష. ఇంటి జంతికల్లో నూనె ఏదో, ఎన్నిసార్లు కాచామో మనకి తెలుసు, రంగులు వేయం. అంతవరకు అవి నయం. కానీ డబ్బా నిండా చేసి పిల్లల చేతికి అందేచోట పెడితే చిప్స్‌కీ వాటికీ పెద్ద తేడా ఉండదు.

బండి దగ్గర మూకుడులోకి చూడండి. నూనె నల్లగా, చిక్కగా ఉండి, పొగ వస్తూ నురగ కడుతుంటే వెనక్కి రండి.

రంగు పరీక్ష: వేళ్ళకి, నాలుకకి అంటుకునే ముదురు గులాబీ, ముదురు ఎరుపు ఉంటే కొనకండి. రోడమిన్-బి అనే బట్టల రంగు దొరికాక 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించాయి. మార్చిలో కర్ణాటక గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది. మన జాతరల్లో దొరికే మిఠాయి వేరే లోకం నుంచి రాదు.

6. ఇది తిని పిల్ల ఏది మానేస్తోందో చూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నా ఉద్దేశంలో జంక్ అవునా కాదా అన్నది సగం ప్యాకెట్ తేలుస్తుంది, మిగతా సగం ఈ ప్రశ్న తేలుస్తుంది. ఆదివారం సాయంత్రం ఒక గిన్నె నూడుల్స్ వేరు. రోజూ బడి నుంచి రాగానే నూడుల్స్ తిని, రాత్రి ఎనిమిదింటికి పప్పన్నం చూసి "ఆకలి లేదు" అనడం వేరు. ప్యాకెట్ అదే, పని వేరు.

టీలో బిస్కెట్ ముంచి తినిపించే అలవాటు మన ఇళ్ళలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. బిస్కెట్ కడుపు నింపుతుంది, టీ ఏమో భోజనంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం అని తేలింది. ఆ పిల్లలకి టీ-బిస్కెట్ అక్కర్లేని ఖర్చు.

దీనికి ఎదురు ఉదాహరణ పల్లీ చిక్కీ. బెల్లం వల్ల చక్కెర గీత దాటుతుంది, కొవ్వు గీతా దాటుతుంది. అయినా ఆంధ్రప్రదేశ్ బడి భోజనంలో రాగి జావతో పాటు చిక్కీ కూడా ఇస్తున్నారు. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లకి అది పల్లీల ప్రొటీన్ ఇస్తోంది, దేన్నీ తోసేయడం లేదు. అదే చిక్కీ ఇంట్లో టీవీ ముందు డబ్బాలోంచి నాలుగు తింటే లెక్క మారిపోతుంది.

7. మూడు కుప్పలు చేయండి

ఇప్పుడు సంచి కుమ్మరించి ఖాళీ ప్యాకెట్లన్నీ మూడు కుప్పలు చేయండి: రోజూ తినొచ్చు, వారానికి ఒకటి రెండుసార్లు, ఎప్పుడో పండక్కి. ఎరుపు ఒక్కటీ రాకపోతే మొదటిది. ఒక ఎరుపు ఉంటే రెండోది. రెండు గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఎరుపులు వచ్చినా, మొదటి మూడు దినుసుల్లో చక్కెర-మైదా-పామాయిల్ ముగ్గురూ ఉన్నా మూడోది. తాగేవాటిలో ఎరుపు వస్తే నేరుగా మూడోదే.

మామూలుగా ఎక్కువమంది అడిగేవి ఎక్కడ పడతాయో చెబుతాను. మీ ప్యాకెట్ మీద అంకె వేరుగా ఉంటే ఆ అంకెనే నమ్మండి.

ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో చక్కెర పెద్దగా ఉండదు, చిక్కంతా ఉప్పు, పామాయిల్‌తో. "ఆటా" రకంలో కూడా మసాలా పొట్లం ఉంటుంది కదా. సగం పొట్లం పారేసి, క్యారెట్, బఠాణీ, గుడ్డు కలిపితే రెండో కుప్పలోకి తేవచ్చు.

బిస్కెట్లలో క్రీమువి నిస్సందేహంగా పండగ కుప్ప. గ్లూకోజ్, మారీ రకాలు చక్కెరలో ఆ ఎర్ర గీత అటూ ఇటూ ఉంటాయి. మారీ తేలికగా విరుగుతుంది కాబట్టి తేలికైనది అనుకుంటాం, అంతే.

చాక్లెట్ రంగు సీరియల్స్, చిప్స్, కుర్‌కురే రకాలు మూడో కుప్ప. జామ్‌లో పండు కనీసం 45 శాతం ఉండాలని నియమం, మిగతాది ఎక్కువగా చక్కెరే. అది పలచగా రాస్తే వారానికోసారి. కెచప్‌లో చక్కెర, ఉప్పు రెండూ ఉంటాయి, దాన్ని కూరలా వడ్డించకండి.

డబ్బా జ్యూసులు మూడో కుప్ప. "ఫ్రూట్ డ్రింక్" అనడానికి పండు 10 శాతం ఉంటే చాలు. "100 శాతం ఫ్రూట్ జ్యూస్" అని రాసుకోవడాన్ని కూడా 2024లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆపించింది. ఎనర్జీ డ్రింకులు ఏ కుప్పలోనూ వద్దు. ఇరవై రూపాయలకి దొరుకుతున్నాయి కదాని పదో తరగతి పిల్లలు చదువుకోవడానికి తాగుతున్నారు. పిల్లలకి తగదని ఆ సీసా మీదే సన్నగా రాసి ఉంటుంది, చూపించండి.

8. తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టండి

ఖాళీ ఉంచితే వారంలో పాత ప్యాకెట్టే తిరిగొస్తుంది. సాయంత్రం ఐదింటికి ఆకలి నిజం, దానికి జవాబు కావాలి. ఉడికించిన శనగలు, పెసలు తాలింపు వేసిన గుగ్గిళ్ళు. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, పల్లీలు, నిమ్మరసం. రాయలసీమ వాళ్ళయితే ఉగ్గాణి చేసేయండి, పది నిమిషాల పని. సర్వపిండి, రాగి జావ, ఉడికించిన గుడ్డు, మొక్కజొన్న పొత్తు, జామకాయ మీద కాస్త కారం. విదేశాల్లో ఉంటే అటుకులు, గుడ్డు, డబ్బా శనగలు ఎక్కడైనా దొరుకుతాయి. డబ్బా శనగల్ని రెండుసార్లు కడిగితే ఉప్పు తగ్గుతుంది.

హెచ్చరిక: ఐదేళ్ళ లోపు పిల్లలకి గుండు పల్లీలు, గుండు శనగలు, పాప్‌కార్న్ ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. పొడి చేసో, మెత్తగా చేసో పెట్టండి. ఏడాది లోపు బిడ్డకి తేనె నాకించకండి. ఏడాది లోపు ఉప్పు, చక్కెర రెండూ అక్కర్లేదు, రెండేళ్ళ దాకా చక్కెర కలపొద్దు.

మాల్ట్ పొడి మానిపించడం ఒక్కరోజులో కాదు. వారం పాటు మోతాదులో పావు వంతు తగ్గించండి, తర్వాత వారం సగం. ఈలోపు పాలల్లో యాలకుల పొడి గానీ, పసుపు-మిరియాలు గానీ, మెత్తగా నలిపిన ఖర్జూరం గానీ వేసి చూడండి. అసలు పాలే ఇష్టం లేకపోతే పెరుగన్నం పెట్టండి. గొడవ పడాల్సినంత విషయం కాదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

బెల్లం వేశాం కాబట్టి ఎంతైనా తినొచ్చనుకోవడం. బెల్లం, తేనె, తాటి బెల్లం అన్నీ చక్కెర లెక్కలోకే వస్తాయి.

"షుగర్ ఫ్రీ" అని కొనడం. దినుసుల్లో నాన్-క్యాలరిక్ స్వీటెనర్ (క్యాలరీలు లేకుండా తీపినిచ్చేది) ఉందేమో చూడండి. పిల్లల నాలుకకి ఆ అతి తీపి అలవాటు చేయడం అనవసరం.

ఒక్క అమ్మే యుద్ధం చేయడం. ఇంట్లో నాన్న, నానమ్మ, ఎదురింటి ఆంటీ అందరికీ ఒకేమాట ఉండాలి. నానమ్మకి "నువ్వు కొనకు" అని చెబితే నొచ్చుకుంటుంది. "చాక్లెట్ బదులు నీ చేతి సున్నుండ ఒకటి పెట్టమ్మా" అంటే మురిసిపోతుంది, పని కూడా జరుగుతుంది.

"అన్నం తింటే చిప్స్ ఇస్తా" అనడం. అప్పుడు అన్నం శిక్ష, చిప్స్ బహుమతి అయి కూర్చుంటాయి. ఇవ్వాలనుకుంటే ఆదివారం ఉత్తినే ఇచ్చేయండి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నెల తర్వాత మళ్ళీ ఒక వారం ఖాళీ ప్యాకెట్లు సంచిలో వేసి పక్కన పెట్టుకుని చూడండి. మూడో కుప్ప సగానికి తగ్గితే చాలు, సున్నా కానక్కర్లేదు. రాత్రి అన్నం టైముకి పిల్లకి ఆకలేస్తోందా, పొద్దున మలబద్ధకం తగ్గిందా, ఏమీ కలపని పాలో, మంచినీళ్ళో పేచీ లేకుండా తాగుతోందా గమనించండి. మొదటి పది రోజులు పేచీ పెరుగుతుంది. అది సహజం, అక్కడే చాలామంది వదిలేస్తారు.

బరువు కోసం వారం వారం తూకం ఎక్కించకండి. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు రాసి పెట్టుకుని టీకాలకి వెళ్ళినప్పుడు డాక్టర్‌కి చూపించండి, అంగన్‌వాడీలో కూడా కొలుస్తారు. బరువు పెరగడం ఆగిపోయినా, పిల్ల పాలిపోయి త్వరగా అలసిపోతున్నా, మట్టి, సుద్దముక్క తినాలని చూస్తున్నా, తిండి జాబితాలు పక్కనపెట్టి ముందు రక్తపరీక్ష చేయించండి.